ఎలుగుబంటి బొమ్మ డబ్బా ఉంటేనే పొద్దున తింటున్నాడు. ఇది టిఫిన్ కిందికి వస్తుందా?

మెట్టుగడ్డ అమ్మ (మహబూబ్‌నగర్) | ఆదివారం రాత్రి 9:40

మా బాబుకు ఆరేళ్లు, ఒకటో తరగతి. స్కూల్ వ్యాన్ 7:20కే వస్తుంది, నేనూ ఎనిమిదింటికల్లా డ్యూటీకి బయల్దేరాలి. ఇడ్లీ పెడితే రెండు ముక్కలు కొరికి లేస్తాడు. ఉప్మా చూస్తేనే ముఖం తిప్పుకుంటాడు. చాక్లెట్ రంగులో గవ్వల్లాగా ఉండే, పాలలో వేసుకుని తినే సీరియల్ ఒక్కటే గిన్నె అడుగు కనబడేదాకా తింటాడు. దాని డబ్బా మీద ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. డబ్బా ఎదురుగా పెట్టుకుని, వెనక ఉన్న పజిల్ చూసుకుంటూ తింటాడు. ఏ బొమ్మా లేని మామూలు కార్న్‌ఫ్లేక్స్ తెస్తే ముట్టలేదు.

డబ్బా మీద ఐరన్, కాల్షియం, విటమిన్లు అని పెద్దగా రాసి ఉంది. గోధుమలతో చేసిందని కూడా ఉంది. మా అత్తమ్మేమో "పొద్దుగాల్నే చాక్లెట్ పెడుతున్నవ్ పిల్లగానికి" అంటుంది. రోజూ పెట్టవచ్చా, లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. ఒట్టిగా "మాన్పించు" అంటే నాకు పని జరగదు, ఆ టైంలో నా చేతిలో ఉండేది పది నిమిషాలు.

సూర్యాపేట నాన్న | ఆదివారం రాత్రి 9:58

అక్కా, దీనికి అంత టెన్షన్ వద్దు. ఖాళీ కడుపుతో బడికి పోయి పదింటికి కళ్లు తిరగడం కన్నా ఇది చాలా నయం. దాంతోపాటు గ్లాసెడు పాలు కడుపులోకి పోతున్నాయి, అది చిన్న సంగతి కాదు. మా పాప కూడా రెండో తరగతి దాకా ఇదే తిన్నది, ఇప్పుడు దోసెలు మంచిగా తింటుంది.

దేవరకొండ కిరాణం | ఆదివారం రాత్రి 10:15

మాది దేవరకొండలో కిరాణా షాపు. ఈ సరుకు మా దగ్గర రెండు తీర్లుగా పోతుంది. పెద్ద డబ్బాలు జీతాలొచ్చే వారంలో ఉద్యోగస్తులు కొంటారు. పది రూపాయల ప్యాకెట్లు మాత్రం రోజూ పోతాయి, చిప్స్ దండల పక్కనే వేలాడుతుంటాయి. ఆ చిన్న ప్యాకెట్ కొన్న పిల్లలు ఇంటికి పోయి పాలలో వేసుకునేది తక్కువ. షాపు మెట్ల మీదే చింపి, అరచేతిలో పోసుకుని తినేస్తారు. అంటే మా వైపు చాలామంది పిల్లలకు ఇది టిఫిన్ కాదు, చిరుతిండి.

ఇంకో మాట. బొమ్మ డబ్బాలను కింది అరలో పెట్టమని సరుకు వేసే అబ్బాయి చెప్పిపోతాడు. పెద్దవాళ్ల చూపు పై అర మీద ఉంటుంది, నాలుగేళ్ల పిల్ల చూపు కింది అర మీద. పిల్ల ఒకసారి డబ్బా పట్టుకున్నాక అది మళ్లీ అరలోకి పోవడం అరుదు.

నల్లగొండ పళ్ల డాక్టర్ | ఆదివారం రాత్రి 10:50

బాబుకు ఆరేళ్లు అన్నారు కాబట్టి రాస్తున్నాను. సుమారుగా ఈ వయసులోనే పాలపళ్ల వరుస వెనక మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది అమ్మానాన్నలు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా "ఎట్లాగూ ఊడేదే కదా" అని ఊరుకుంటారు. అది ఊడదు. ముసలితనం దాకా నమలాల్సిన పన్ను అదే.

దాని పైభాగంలో లోతైన గాడులుంటాయి. సీరియల్ నమిలితే ముద్దలా మారి ఆ గాడుల్లో కూరుకుంటుంది. పాలతో తింటే కొంత కొట్టుకుపోతుంది. కిరాణం అన్న చెప్పినట్టు ఒట్టిగా తింటే చాలాసేపు అక్కడే ఉంటుంది. నోట్లోని బ్యాక్టీరియా ఆ చక్కెరను, పిండిని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది.

మన జిల్లాలో దీనికి తోడు ఇంకో గందరగోళం ఉంది. మర్రిగూడ, చండూరు వైపు నుంచి వచ్చేవాళ్లు పిల్లల పళ్ల మీద ఏ మరక కనబడినా "ఫ్లోరైడ్ సార్" అని వదిలేస్తారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే మరక పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడే పడుతుంది, ఎడమ కుడి రెండు వైపులా ఒకే రకం పళ్ల మీద కనబడుతుంది. పుచ్చు అట్లా కాదు, గాడిలో నల్ల గీతగానో చుక్కగానో మొదలై గుంట పడుతుంది. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల కాపాడుకోగలిగిన పళ్లు కూడా పోతున్నాయి. ఇది చూస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అచ్చంపేట సైన్స్ సారు | సోమవారం ఉదయం 6:30

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు డబ్బా వెనకే ఉంది. కాకపోతే ముందువైపు పిల్లల కోసం, వెనకవైపు సన్న అక్షరాలు ఎవరికోసమో అన్నట్టు ఉంటుంది. ఒక చాక్లెట్ సీరియల్ డబ్బా తెచ్చుకుని కూర్చున్నాను, నాతోపాటు మీరూ చూడండి.

మొదట పదార్థాల వరుస. మన దేశంలో ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలి. నా చేతిలో ఉన్నదాంట్లో గోధుమ పిండి తర్వాత రెండో స్థానం చక్కెరదే. కోకో చాలా వెనక ఉంది. ఇంకా కిందికి పోతే మళ్లీ గ్లూకోజ్ సిరప్ అని ఇంకో తీపి కనబడుతుంది.

తర్వాత పట్టిక. 100 గ్రాములకు 30 గ్రాముల చుట్టూ చక్కెర ఉంది. దాని పక్కనే "ఒక సర్వింగ్ 30 గ్రాములు" అని ఉంటుంది. ఆ లెక్కన గిన్నెకు 9 గ్రాములు, రెండు చెంచాల పైన. పరవాలేదనిపిస్తుంది కదా. ఇప్పుడు మా అబ్బాయి రోజూ పోసుకునేంత పోసుకోమని చెప్పి, ఆ గిన్నెను వంటింటి త్రాసు మీద పెట్టాను. 55 గ్రాములు వచ్చింది. అంటే 16 గ్రాముల పైన చక్కెర, నాలుగు చెంచాలు. పాలలో మీరు విడిగా చక్కెర వేస్తుంటే అది దీనికి అదనం.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి కాలమ్. అక్కడ రోజువారీ అవసరంలో ఇది ఇంత శాతం అని రాస్తారు. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ఆ శాతం లెక్కగట్టేది సగటు పెద్ద మనిషికి, రోజుకు 2000 కిలో కేలరీలు, అదనపు చక్కెర 50 గ్రాములు అన్న లెక్కన. 9 గ్రాములంటే 18 శాతం అని పడుతుంది. కానీ 2 నుంచి 18 ఏళ్ల పిల్లలకు అదనపు చక్కెర రోజుకు 25 గ్రాముల లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. ఆ లెక్కన చూస్తే అదే 9 గ్రాములు 36 శాతం అవుతాయి. మా అబ్బాయి గిన్నె అయితే 66 శాతం. ముందు బొమ్మ పిల్లవాడిది, వెనక లెక్క పెద్దవాళ్లది. కంపెనీ ఏ తప్పూ రాయలేదు, నిబంధన ప్రకారమే రాసింది. అయినా తల్లికి కావలసిన అంకె ఆ డబ్బా మీద లేదు.

గద్వాల వదిన | సోమవారం ఉదయం 7:05

సార్, ఈ చివరి కాలమ్ సంగతి ఇన్నేళ్లలో ఎవ్వరూ చెప్పలేదు. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

సూర్యాపేట నాన్న | సోమవారం ఉదయం 8:20

సారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, కానీ ఐరన్ సంగతి కూడా చూడాలి కదా. మన దగ్గర పిల్లల్లో రక్తహీనత ఎంత ఉందో అందరికీ తెలుసు. డబ్బాలో ఐరన్ కలిపి ఇస్తున్నప్పుడు అది లాభమే కదా?

అచ్చంపేట సైన్స్ సారు | సోమవారం సాయంత్రం 5:10

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇది ఇంట్లోనే చేసి చూడొచ్చు, మా బడిలో పిల్లలకు చాలా ఇష్టమైన ప్రయోగం. సీరియల్‌ను రోట్లో మెత్తగా దంచి, జిప్ కవర్లో వేసి, నీళ్లు పోసి బాగా కలపాలి. కాసేపు నానాక కవర్ బయటినుంచి గట్టి అయస్కాంతాన్ని, పాత స్పీకర్‌లోదైనా సరే, నెమ్మదిగా ఒక మూలకు జరపాలి. కొన్ని బ్రాండ్లలో ఆ మూలన నల్లటి సన్న పొడి పోగవుతుంది. అది ఇనుమే, పొడి చేసిన ఇనుము. కొన్ని కంపెనీలు ఇనుమును లవణం రూపంలో వేస్తాయి, అది అయస్కాంతానికి అంటదు.

ఆ పొడి ప్రమాదమేమీ కాదు, కడుపులోని ఆమ్లంలో కొంత కరుగుతుంది. కానీ ఒంటికి పట్టేది కొంతే. పైగా పాలలోని కాల్షియం, కోకోలోని పదార్థాలు ఇనుమును పట్టనివ్వకుండా అడ్డుపడతాయి. మనం దాన్ని తినేదే పాలతో, కోకోతో. కాబట్టి ఐరన్ ఉంది అన్న మాట నిజమే, అది రక్తహీనతకు మందు అనుకోవడం మాత్రం సరికాదు. పిల్లవాడు పాలిపోయి ఉంటే ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ చూపించండి.

మక్తల్ నుంచి మిషిగన్ | సోమవారం రాత్రి 11:30

అందరికీ నమస్తే. మాది మక్తల్, ఇప్పుడు ఉండేది డెట్రాయిట్ దగ్గర. ఈ డబ్బాలన్నీ పుట్టిన బాటిల్ క్రీక్ ఊరు మాకు కారులో రెండు గంటల దారి. కథ వింటే ఆశ్చర్యపోతారు. అక్కడ శానిటోరియం, అంటే రోగులు ఉండి కోలుకునే ఆరోగ్య కేంద్రం, నడిపిన డాక్టర్ జాన్ హార్వే కెలాగ్ రోగులకు చప్పటి తిండి పెట్టాలనే మనిషి, చక్కెరంటే అస్సలు పడదు. తమ్ముడు విల్ కీత్ కెలాగ్ లెక్కలు చూసేవాడు. అటుకుల్లా ఒత్తి కాల్చిన ధాన్యానికి చక్కెర చేర్చి బయట అమ్ముదామన్నాడు. అన్న ఒప్పుకోలేదు. 1906లో తమ్ముడు సొంత కంపెనీ పెట్టాడు, అన్నదమ్ములు కోర్టులకెక్కారు. అంటే చక్కెర గొడవ ఈ వస్తువుతోపాటే పుట్టింది.

బొమ్మల కాలం తర్వాత వచ్చింది. 1930లలో రైస్ క్రిస్పీస్ అనే సీరియల్‌కు ముగ్గురు మరుగుజ్జుల బొమ్మలు వచ్చాయి. చక్కెర పూత సీరియళ్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగా ఊపందుకున్నాయి. 1952లో ఫ్రాస్టెడ్ ఫ్లేక్స్‌కు టోనీ అనే పులి వచ్చింది. మొదట పులితోపాటు కంగారూ, ఏనుగు బొమ్మలు కూడా పెట్టి చూశారు, చివరికి పులే నిలిచింది. 1953లో వచ్చిన ఇంకో రకంలో బరువులో సగానికి పైగా చక్కెరే. 1963లో రంగురంగుల చక్రాల డబ్బా మీద టూకాన్ పిట్ట వచ్చింది. ఆ చక్రాలు ఏ రంగువైనా రుచి ఒకటే, మా పిల్లలు కళ్లు మూసుకుని తిని చూసి నోరెళ్లబెట్టారు.

మన దేశానికి కెలాగ్స్ 1994లో వచ్చింది. మొదట్లో అమ్మకాలు సరిగా సాగలేదు. మనం పాలు కాచి వేడిగా పోస్తాం, ఫ్లేక్స్ చిటికెలో మెత్తబడిపోయేవి. ఆ తర్వాత పిల్లల చాక్లెట్ రకాలు నిలదొక్కుకున్నాయి. చక్కెర పూత రుచికి మాత్రమే కాదు, పాలు త్వరగా లోపలికి పోకుండా ఆపి కరకరలాడేటట్టు ఉంచుతుంది.

ఈ మధ్య గాలి మారింది. చిలీ దేశం 2016 నుంచి చక్కెర హద్దు మీరిన డబ్బాల మీద నల్లటి ఎనిమిది మూలల హెచ్చరిక గుర్తు వేయిస్తోంది, అలాంటి డబ్బాల మీద పిల్లల్ని ఆకర్షించే బొమ్మలు ఉండకూడదంది. అక్కడ పులి బొమ్మ డబ్బా మీదినుంచి పోయింది. తర్వాత మెక్సికోలో కూడా అదే జరిగింది. 2020లో బ్రిటన్‌లో ఒక సూపర్ మార్కెట్, లిడిల్, తన సొంత బ్రాండు సీరియళ్ల మీది కార్టూన్లు తానే తీసేసింది.

కోస్గి అంగన్‌వాడీ టీచర్ | మంగళవారం మధ్యాహ్నం 2:15

మన దగ్గర డబ్బా మీద బొమ్మ వద్దనే రూలు లేదు. 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండ్లను బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు. అది అమలవుతుందో లేదో మీమీ బళ్ల ముందు మీరే చూడండి.

నన్ను తల్లులు ఒకటి అడుగుతుంటారు, ఎవరైనా అడిగేలోపే చెప్తున్నాను. మేమిచ్చే బాలామృతంలో కూడా చక్కెర ఉంది. గోధుమ, శెనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి చేస్తారు, ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు ఇస్తాం. అందులో పప్పు, పాలపొడి వల్ల మాంసకృత్తులు వస్తాయి, ఆ వయసు పిల్లలకు కొద్ది తిండిలోనే బలం కావాలి. అయినా నేను ప్రతి తల్లికీ చెప్పేది, కలిపేటప్పుడు పైనుంచి ఇంకో చెంచా చక్కెర వేయొద్దని.

నారాయణపేట అమ్మమ్మ | మంగళవారం రాత్రి 8:00

మా మనవడు టైపు చేస్తుండు, నేను చెప్తున్న. తొలి ఏకాదశికి మనమందరం పేలాల పిండి చేసుకుంటం కదా. అదేంది మరి? ధాన్యం పేల్చి, బెల్లం కలిపి, పిల్లల చేతిలో పెట్టుడే. పేలాలు పండుగకే అని ఎవరు చెప్పిండ్రు?

జొన్నలు మంచిగ చెరిగి, మీద నీళ్లు చిలకరించి, బట్టలో మూటకట్టి కాసేపు పెట్టాలె. మట్టి మూకుడు గాని ఇనుప మూకుడు గాని బాగా కాగినంక పిడికెడు పిడికెడు వేసి, బట్ట ఉండతోని తిప్పాలె. ఎక్కువ వేస్తే పేలవు, మాడుతయి. టపటపమని తెల్లగ విచ్చుకుంటయి. అన్ని జొన్నలు ఒక్క తీరుగ పేలవు, పేలాలకు పనికొచ్చేటివి ఏవో అంగట్ల అడిగి తెచ్చుకోవాలె. డబ్బాల వోసి గట్టిగ మూత పెడితే వారం దాకా కరకర ఉంటయి. పొద్దున పాలల్ల ఒక పిడికెడు వేసి ఇయ్యి బిడ్డా. వేసిన ఎంటనే తినాలె, లేకుంటే మెత్తవడ్తయి.

నల్లగొండ పళ్ల డాక్టర్ | మంగళవారం రాత్రి 9:10

అమ్మమ్మా, చాలా బాగా చెప్పారు. ఒక్కటే విన్నపం, బెల్లం కూడా పంటికి చక్కెర లెక్కే. పండుగకు పేలాల పిండి తినాల్సిందే. రోజూ అయితే ఉత్త పేలాలు, పాలు, ఒక అరటిపండు ముక్కలు చాలు.

గద్వాల వదిన | మంగళవారం రాత్రి 9:45

మెట్టుగడ్డ అక్కా, పది నిమిషాలు అన్నారు కదా. మా ఇంట్లో నడుస్తున్నవి చెప్తాను. పెరుగు అటుకులు: అటుకులు కడిగి నీళ్లు వంపి, పెరుగు, ఉప్పు, పోపు. ఐదు నిమిషాలు. రాగి జావ రాత్రే కలిపి పెట్టి పొద్దున ఉడికించడం, రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల చుట్టూ కాల్షియం ఉంటుందట. ఉడకబెట్టిన గుడ్డు. రాత్రి మిగిలిన జొన్న రొట్టె తుంచి పాలలో వేస్తే మా చిన్నోడు కిక్కురుమనకుండా తింటాడు. ఇడ్లీ తినడు అంటే టిఫినే తినడని కాదు, పొద్దున్నే ముద్దగా ఉండేది వాడికి పడటం లేదేమో. కరకరలాడేది అడుగుతున్నాడు.

డబ్బా సంగతికి నా ఉపాయం: ఆ ఎలుగుబంటిని కత్తిరించి పేలాల స్టీలు డబ్బాకు అతికించండి. బొమ్మ వాడికి ఉంటుంది, చక్కెర పోతుంది.

కోస్గి అంగన్‌వాడీ టీచర్ | మంగళవారం రాత్రి 10:20

వదినా, ఈ ఒక్క దానికి నేను ఒప్పుకోను. బొమ్మ ఉంటేనే తింటా అనే అలవాటునే కదా మనం మాన్పించాల్సింది. రేపు ఆ బొమ్మ చిరిగితే పేలాలు కూడా ముట్టడు. మా సెంటర్లో పిల్లలు తిండి బొమ్మ చూసి తినరు, పక్కపిల్లను చూసి తింటారు. ఇంట్లో పొద్దున అమ్మో నాన్నో పక్కన కూర్చుని అదే గిన్నెలోది తింటే చాలు.

గద్వాల వదిన | మంగళవారం రాత్రి 10:31

టీచరమ్మా, పొద్దున ఏడింటికి పక్కన కూర్చునే తీరిక అందరికీ ఉండదు. మొదటి నెల గడవడానికి బొమ్మ సాయం తీసుకుంటే తప్పేముంది? నేను నా మాట మీదే ఉన్నాను.

సూర్యాపేట నాన్న | బుధవారం ఉదయం 7:50

ఒక్కసారిగా మాన్పిస్తే పిల్లలు మొండికేస్తారు. గిన్నెలో ముప్పాతిక పేలాలో మామూలు ఫ్లేక్సో, పైన గుప్పెడు చాక్లెట్ సీరియల్. వారం వారం ఆ గుప్పెడు తగ్గించుకుంటూ పోవాలి. సారు త్రాసు లెక్క చదివాక మేమూ ఇదే మొదలుపెట్టాం, చిన్నదానికి.

దేవరకొండ కిరాణం | బుధవారం మధ్యాహ్నం 1:30

మామూలు కార్న్‌ఫ్లేక్స్, జొన్న అటుకులు మా షాపులో ఉన్నాయి, అడిగేవాళ్లే తక్కువ. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ నేర్పిన పద్ధతుల్లో జొన్న ఫ్లేక్స్ చేసేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కొనేటప్పుడు వాటి వెనకవైపు కూడా చదవండి. చిరుధాన్యం అని ముందు రాసి లోపల చక్కెర దట్టించినవి కూడా నా అరలోనే ఉన్నాయి, నా సరుకే అయినా చెప్తున్నాను. జొన్న అటుకులను ఈ వారం నుంచి కింది అరలోకి మార్చాను.

మెట్టుగడ్డ అమ్మ | గురువారం రాత్రి 9:20

అందరికీ చాలా థాంక్స్. టీచరమ్మ, వదిన ఇద్దరి మాటా విన్నాను. బొమ్మ అతికించలేదు, కానీ దాచనూ లేదు. డబ్బా వెనక పట్టికలో చక్కెర అంకె ఎక్కడుందో బాబుతోనే వెతికించాను, ఇప్పుడు వాడు ఇంట్లో ప్రతి ప్యాకెట్టూ తిప్పి చూస్తున్నాడు. పొద్దున పేలాల్లో గుప్పెడు కలిపి ఇస్తున్నాను, ఏరుకుని చాక్లెట్‌వే ముందు తింటున్నాడు, తర్వాత పేలాలు కూడా తింటున్నాడు. మా ఆయన వ్యాన్ దాకా దింపే పని తీసుకున్నారు, నాకు వాడి పక్కన కూర్చునే టైం కొంచెం దొరికింది.

డాక్టర్ గారూ, టార్చి వేసి చూస్తే కింది వరుస చివర కొత్త పన్ను సగం బయటికి వచ్చి ఉంది. ఇప్పుడేం చేయాలి?

నల్లగొండ పళ్ల డాక్టర్ | గురువారం రాత్రి 10:05

మంచి సమయానికి చూశారు. పన్ను పూర్తిగా బయటికి వచ్చాక ఆ గాడులను పూతతో మూసేయవచ్చు, దాన్ని సీలెంట్ అంటారు. సూది, నొప్పి ఉండవు, కొద్ది నిమిషాల పని. అప్పటిదాకా రాత్రి పడుకునే ముందు బ్రష్ మీ చేత్తో మీరే చేయండి, ఆరేళ్ల పిల్లలకు వెనక దాకా అందదు. సగం వచ్చిన పన్ను పక్క పళ్ల కన్నా కిందికి ఉంటుంది కాబట్టి బ్రష్‌ను అడ్డంగా, బుగ్గ వైపు నుంచి పెట్టాలి. పేస్టు బఠాణీ గింజంత చాలు, ఉమ్మేయడం నేర్పండి. మీరు తాగేది మిషన్ భగీరథ కుళాయి నీళ్లా, బోరు నీళ్లా? బోరైతే ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించి, ఆ అంకెతో దగ్గర్లోని పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఏ పేస్టు వాడాలో దాన్ని బట్టి చెప్తారు.